టీ దుకాణాల గణకయంత్రం

1951 వ సంవత్సరం నవంబరు 29 వ తేదీన, లండన్ నగరపు పడమటి భాగాన ఉన్న హామర్‌స్మిత్ పేటలో, రొట్టెల కర్మాగారాన్ని ఆనుకొని ఉన్న ఒక కార్యాలయంలో, ఒక ఎలక్ట్రానిక్ గణకయంత్రం లెక్క వేయడం ప్రారంభించింది. అది గ్రహాల గమనాన్ని గురించిన లెక్క కాదు. ఫిరంగి గుండు ఎంత దూరాన పడుతుందో చెప్పే లెక్కా కాదు. ఆ వారం ఎన్ని రొట్టెలు, ఎన్ని కేకులు తయారయినవి, వాటికి పట్టిన పిండికి, చక్కెరకు, కూలికి ఎంత ఖర్చయింది, ఏయే చోట్లకు ఎంత విలువగల సరుకు వెళ్ళింది అన్నదే ఆ లెక్క. మరునాటికి పని ముగిసింది. ఆనాటి నుంచి ఆ లెక్క గుమాస్తాల చేతుల నుంచి తప్పి యంత్రం పాలయింది. ఒక వ్యాపార సంస్థ రోజువారీ వ్యవహారాన్ని క్రమం తప్పకుండా ఎలక్ట్రానిక్ గణకయంత్రానికి అప్పగించడం ప్రపంచంలో అదే మొదలు.

ఆ యంత్రాన్ని కట్టింది గణకయంత్రాల కంపెనీ కాదు, విశ్వవిద్యాలయమూ కాదు. టీ, రొట్టె, ఐస్‌క్రీం అమ్ముకొనే జె. లయన్స్ అనే సంస్థ. ఇది ఎట్లా సాధ్యమయిందో తెలుసుకోవాలంటే యంత్రాన్ని గురించి ఎంత చెప్పుకోవాలో, ఆ యంత్రం చుట్టూ కలిసి పనిచేసిన రెండు రకాల మనుషులను గురించి కూడా అంతే చెప్పుకోవాలి.

ఈనాడు హైదరాబాదులోగాని బెంగుళూరులోగాని ఏ సాఫ్ట్‌వేర్ సంస్థకు వెళ్ళినా ఈ రెండు రకాల ఉద్యోగులు కనిపిస్తారు. ప్రొడక్ట్ మేనేజర్ అనే వ్యక్తి ఏ పని కావాలి, ఎవరికి కావాలి, ఏది ముందు, ఏది వెనుక అన్నది తేలుస్తాడు. సాఫ్ట్‌వేర్ ఇంజనీరు ఆ పని ఎట్లా చేయాలి, ఏది సాధ్యం, ఏది కాదు అన్నది తేలుస్తాడు. ఒకరికి వాడుకదారుల అవసరం తెలుసు, మరొకరికి యంత్రం తత్త్వం తెలుసు. ఈ ఇద్దరికీ పొసగక మధ్యలో చెడిపోయిన పనులకు లెక్క లేదు. ఉద్యోగాల పేర్లు కొత్తవేగాని చిక్కు పాతదే. నిజానికి గణకయంత్రాల చరిత్ర మొదలయిందే అట్టి ఒక తగాదాతో.

చార్లెస్ బాబేజీ 1820 ల్లో గణిత పట్టికలను తప్పులు లేకుండా తయారుచేసే పళ్ళచక్రాల యంత్రాన్ని ఊహించాడు. బ్రిటిష్ ప్రభుత్వం డబ్బు ఇచ్చింది. యంత్రభాగాలను చేసి ఇచ్చే పని జోసెఫ్ క్లెమెంట్ అనే పనివాడు చేపట్టాడు. ఇనుము మీద, ఇత్తడి మీద అంత సూక్ష్మంగా పని చేయగలవాళ్ళు ఆనాటి ఇంగ్లండులో బహు కొద్దిమంది. 1832 లో యంత్రంలోని కొంత భాగాన్ని క్లెమెంట్ కూర్చి ఇచ్చాడు. అది ఇప్పటికీ లండన్ సైన్సు మ్యూజియంలో ఉన్నది. అంతవరకు బాగానే ఉన్నది. కాని బాబేజీ ఇల్లు థేమ్స్ నదికి ఒక వైపు, క్లెమెంట్ కార్ఖానా మరొక వైపు. తన ఇంటి పక్కనే కట్టించిన కొత్త కార్ఖానాకు వచ్చి పని చేయమన్నాడు బాబేజీ. మకాం మార్చడానికి అయ్యే నష్టం ఎవరు ఇస్తారన్నాడు క్లెమెంట్. బిల్లుల మీద అంతకుముందే రగులుతున్న మనస్పర్థలు దీనితో ముదిరినవి. 1833 లో క్లెమెంట్ పని నిలిపివేశాడు. ఆనాటి వృత్తి ఆచారం ప్రకారం పనిముట్లన్నీ అతనివే అయినవి. 1842 లో ప్రభుత్వం ఆ పనికి పూర్తిగా స్వస్తి చెప్పేనాటికి 17,000 పౌండ్లకు పైగా ఖర్చయింది. పూర్తి యంత్రం మాత్రం రాలేదు. ఈ వైఫల్యానికి ఆనాటి లోహపు పని వెనుకబడి ఉండటమే కారణమని చాలాకాలం చెప్పుకొన్నారు. క్లెమెంట్ చేసిన భాగాలు చూచినవారికి ఆ మాట నమ్మబుద్ధి కాదు.

బాబేజీ ప్రయత్నం ఆగిపోయిన నూరేళ్ళకు, అదే లండన్ నగరంలో, ఈసారి ఒక టీ దుకాణాల సంస్థ ఈ కథను మళ్ళీ ఎత్తుకొన్నది.

లయన్స్ వారు తమ మొదటి టీ దుకాణాన్ని 1894 లో లండన్‌లోని పికడిల్లీ వీధిలో తెరిచారు. క్రమంగా అట్టి దుకాణాలు దేశమంతటా వెలిశాయి. కప్పు టీ, ఒక కేకు, చిన్న భోజనం, ఇట్టి చిల్లర బేరాలే ఆ సంస్థకు ఆధారం. మన ఊళ్ళలో కాఫీ హోటలు నడిపేవారికి ఇందులోని కష్టం తెలుసు. ఒక్కొక్క అమ్మకంలో మిగిలేది కాణీ, అర్ధణా. బేరాలు మాత్రం లక్షలు. ప్రతి బేరానికి ఒక చీటీ, ప్రతి చీటీకి ఒక పద్దు, పద్దులన్నిటికీ గుమాస్తాలు. లాభంలో ఎక్కువ భాగం లెక్కలు రాయడానికే పోయే ప్రమాదం ఉన్నది.

ఈ సంగతి ముందుగా గ్రహించినవాడు జాన్ సిమన్స్. కేంబ్రిడ్జిలో గణితంలో ప్రథమశ్రేణి సంపాదించిన ఈ యువకుడు 1923 లో లయన్స్‌లో చేరాడు. ఆయన ఆధ్వర్యాన కార్యాలయ పద్ధతుల పరిశోధనకు ఒక ప్రత్యేక శాఖ ఏర్పడింది. ఆ శాఖవారి పని లెక్కలు రాయడం కాదు, లెక్కలు ఎట్లా రాస్తున్నారో చూడటం. ఈ కాగితం ఎక్కడ పుట్టింది? ఎవరి దగ్గరికి పోతున్నది? అసలు దీనిని ఎవరైనా చదువుతున్నారా? ఇట్లా ఒక్కొక్క కాగితం వెంట నడిచి, అనవసరమైనదాన్ని తీసివేసి, అవసరమైనదాన్ని సులువు చేయడం ఆ శాఖకు అలవాటయింది. గణకయంత్రమనే మాట వినకముందే లయన్స్ వారు తమకు ఏమి కావాలో ఇరవై ఏళ్ళపాటు ఆలోచించి పెట్టుకొన్నారన్నమాట. తరువాత జరిగినదానికంతా ఇదే పునాది.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక, 1947 లో, ఆలివర్ స్టాండింగ్‌ఫర్డ్, రేమండ్ థామ్సన్ అనే ఇద్దరు ఉద్యోగులను అమెరికాలో కార్యాలయ పద్ధతులు చూచి రమ్మని పంపారు. యుద్ధకాలంలో అక్కడ ఎనియాక్ అనే ఎలక్ట్రానిక్ గణకయంత్రాన్ని నిర్మించిన వార్త వీరి చెవిని పడింది. ప్రిన్స్‌టన్‌లో ఉన్న హెర్మన్ గోల్డ్‌స్టైన్‌ను కలుసుకొన్నారు. అట్టి యంత్రం సొంతదేశంలో కేంబ్రిడ్జిలోనే తయారవుతున్నదని ఆయన చెప్పాడు. గుమ్మం ముందున్నదాన్ని గురించి సముద్రం దాటి తెలుసుకోవలసి వచ్చింది. తిరిగి వచ్చి కేంబ్రిడ్జిలో డగ్లస్ హార్ట్రీని, మారిస్ విల్క్స్‌ను చూచారు. విల్క్స్ బృందం ఎడ్సాక్ అనే యంత్రాన్ని కడుతున్నది. లయన్స్ వారు దానికి ధనసహాయం చేయడమేగాక తమ ఉద్యోగులలో ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఎర్నెస్ట్ లెనార్ట్స్‌ను అక్కడికి పంపారు. డబ్బుతోపాటు ఒక మనిషిని పంపడంలోనే వారి దూరదృష్టి ఉన్నది. యంత్రం కేంబ్రిడ్జిలో పూర్తి అయ్యేసరికి, అది ఎట్లా పని చేస్తుందో తెలిసినవాడొకడు లయన్స్‌లో తయారయినాడు.

1949 మే 6 వ తేదీన ఎడ్సాక్ తన మొదటి లెక్క చేసి, అంకెల వర్గాల పట్టిక అచ్చువేసింది. ఆ వార్త అందిన వెంటనే లయన్స్ డైరెక్టర్లు తమ సొంత యంత్రం నిర్మించడానికి అనుమతి ఇచ్చారు. దానికి లయన్స్ ఎలక్ట్రానిక్ ఆఫీస్ అని పేరు పెట్టి, మూడు మొదటి అక్షరాలు కలిపి లియో అన్నారు. లాటిన్ భాషలో లియో అంటే సింహం. సంస్థ పేరు లయన్స్. పేరు పెట్టినవారికి ఈ చమత్కారం తెలియకపోలేదు.

యంత్రం కట్టేవాడు కావాలి. ఆ పనికి వచ్చినవాడు జాన్ పింకర్‌టన్. ఆయన కేంబ్రిడ్జిలో భౌతికశాస్త్రం చదివి, యుద్ధకాలంలో రాడార్ మీద పని చేశాడు. 1949 జనవరిలో లయన్స్‌లో చేరాడు. రొట్టెల సంస్థలో భౌతికశాస్త్రజ్ఞుడికి ఉద్యోగమేమిటని ఆనాడు విన్నవారు నవ్వి ఉంటే తప్పు పట్టలేము.

పని ఏమిటో చెప్పేవాడు కూడా కావాలి. అతడు డేవిడ్ కామినర్. 1936 లో లయన్స్‌లో చేరాడు. విశ్వవిద్యాలయానికి వెళ్ళలేదు. యుద్ధంలో ట్యునీషియాలో గాయపడి కాలు పోగొట్టుకొన్నాడు. తిరిగి వచ్చి సిమన్స్ స్థాపించిన పద్ధతుల పరిశోధన శాఖకు అధికారి అయినాడు. విద్యుత్తు గురించి ఆయనకు తెలిసింది తక్కువ. కాని ఆ సంస్థలో ఒక కేకు కర్మాగారం నుంచి బల్ల మీదికి చేరేలోపు ఎన్ని కాగితాలు నడుస్తాయో ఆయనకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. పని విషయంలో చాలా కఠినుడని ఆయనవద్ద పని నేర్చినవారే తరువాతి కాలంలో రాశారు. ఈ ఇద్దరికీ పైన థామ్సన్ ఉన్నాడు. ముగ్గురూ ఒకే సంస్థ మనుషులు, ఒకే ఆవరణలో ఉండేవారు. బాబేజీకి, క్లెమెంట్‌కు మధ్య నది ఉన్నది. ఇక్కడ నది లేదు.

లియో యంత్రాన్ని ఎడ్సాక్ నమూనా మీదనే కట్టారు. అందులో సుమారు 6,000 వాల్వులు ఉండేవి. జ్ఞాపకానికి పాదరసం వాడారు. దీని పద్ధతి విద్యార్థులకు ఆసక్తికరంగా ఉంటుంది. పొడుగాటి ఉక్కు గొట్టాన్ని పాదరసంతో నింపి, రెండు చివరలా స్ఫటికపు బిళ్ళలు అమరుస్తారు. ఒక చివర స్ఫటికానికి విద్యుత్ స్పందనం తగిలితే అది కంపించి పాదరసంలోకి ధ్వనితరంగాన్ని పంపుతుంది. పాదరసంలో ధ్వని వేగం సెకండుకు సుమారు 1,450 మీటర్లు. గొట్టం పొడవు ఒకటిన్నర మీటరు అయితే, అవతలి చివరకు చేరడానికి సెకండులో వెయ్యవ వంతు పడుతుంది. విద్యుత్ స్పందనాల వేగంతో పోలిస్తే ఇది చాలా దీర్ఘకాలం. గనుక ఒక స్పందనం అవతలి చివర చేరేలోపు దాని వెనుక వందలాది స్పందనాలు వరుసగా బయలుదేరవచ్చు. అవతల చేరినవాటిని మళ్ళీ విద్యుత్తుగా మార్చి, బలం పోసి, మొదటి చివరకు పంపుతారు. ఇట్లా తిరుగుతూ ఉన్నంతసేపూ అంకె గుర్తున్నట్లే. విద్యుత్తు ఆగితే సర్వం మరపే. ఈ విధంగా లియో గుర్తు పెట్టుకోగలిగినవి అంకెలు, ఆదేశాలు కలిసి రెండువేల పైచిలుకు మాత్రమే. నేడు మామూలు స్మార్ట్‌ఫోనులో ఉండే జ్ఞాపకంలో ఇది లక్షవ వంతు కూడా కాదు.

ఆదేశాలు అంటే యంత్రానికి ఒక్కొక్క అడుగుగా చెప్పవలసిన పని. ‘ఏ’ అనే అక్షరానికి కూడమని, ‘ఎస్’ అనే అక్షరానికి తీసివేయమని అర్థం. ఇట్టి చిన్న చిన్న ఆదేశాలను వందల కొద్దీ వరుసగా పేర్చి ఒక పూర్తి పనిని తయారుచేయడమే ప్రోగ్రాం రాయడం. ఇందులో ఒక్క అక్షరం తప్పినా లెక్కంతా తప్పుతుంది. తన శేషజీవితంలో చాలా భాగం తన ప్రోగ్రాములలోని తప్పులు వెతుక్కోవడంతోనే గడుస్తుందని 1949 లో ఒకనాడు హఠాత్తుగా స్ఫురించిందని విల్క్స్ తన ఆత్మకథలో రాసుకొన్నాడు.

కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడికి తప్పు దొరికితే మరునాడు మళ్ళీ లెక్క వేసుకోవచ్చు. జీతాల లెక్కలో తప్పు దొరికితే? పనివాడు ఇంటికి పోయి భార్యాబిడ్డలకు ఏమి చెప్పాలి? ఈ తేడాను కామినర్ మొదటినుంచీ పట్టించుకొన్నాడు. ఒకరు రాసిన ప్రోగ్రామును మరొకరు కాగితం మీద అడుగడుగునా సరిచూచిన తరువాతనే యంత్రానికి ఇవ్వాలని నియమం పెట్టాడు. ప్రోగ్రాం రాయడానికి ముందు ఆ పని ఏయే మలుపులు తిరుగుతుందో బొమ్మగా గీయించేవాడు. ప్రోగ్రాములు రాసినవారు కూడా ఎక్కువమంది కార్యాలయం పని తెలిసిన లయన్స్ ఉద్యోగులే. ఫ్రెంచి చదువుకొని గుమాస్తా పనికి వచ్చిన మేరీ కూంబ్స్ 1952 లో ఈ బృందంలో చేరింది. వ్యాపార ప్రోగ్రాములు రాసిన మొదటి స్త్రీగా చరిత్రలో ఆమె పేరు నిలిచింది. అర్థశాస్త్రం చదివిన ఫ్రాంక్ లాండ్ కూడా ఆ ఏడే చేరాడు. తరువాత లండన్‌లో ఆచార్యుడయినాడు.

ఇక అసలు చిక్కు వేరే చోట వచ్చింది. శాస్త్రజ్ఞుడి లెక్కకు, కార్యాలయపు లెక్కకు స్వభావంలోనే భేదం ఉన్నది. ఖగోళ శాస్త్రజ్ఞుడు పది అంకెలు ఇచ్చి, గంటసేపు యంత్రాన్ని మథించి, మరి పది అంకెలు తీసుకొంటాడు. కార్యాలయంలో సంగతి తలకిందులు. పదివేలమంది పనివారుంటే ఒక్కొక్కరికి పది, పదిహేను అంకెలు లోపలికి పోవాలి. ఒక్కొక్కరికి చేయవలసినది నాలుగు కూడికలు, రెండు హెచ్చవేతలు. మళ్ళీ ఒక్కొక్కరికి అన్ని అంకెలూ బయటికి రావాలి. లోపలి లెక్క క్షణంలో అవుతుంది. లోపలికి పోవడానికి, బయటికి రావడానికే కాలమంతా. నిమిషానికి పది దోసెలు వేయగల పెనం దగ్గరికి పక్క వీధి నుంచి గరిటెడు గరిటెడుగా పిండి తెచ్చినట్లు ఉంటుంది. పెనం ఎంత గొప్పదయితే ఏమి?

ఎడ్సాక్ వంటి యంత్రం ఇట్టి పనికి చాలదని పద్ధతుల శాఖవారు చెప్పగలిగారు. కార్యాలయం తెలియనివాడికి ఈ సంగతి తోచదు. పింకర్‌టన్‌కు ఎలక్ట్రానిక్స్ ఎంత తెలిసినా, ఈ మాట కార్యాలయం వైపు నుంచి రావలసిందే. దీనికోసం స్టాండర్డ్ టెలిఫోన్స్ అండ్ కేబుల్స్ అనే బయటి కంపెనీకి పని అప్పగించారు. అయస్కాంతపు టేపు మీద అంకెలను నింపి, అతివేగంగా యంత్రానికి అందించే పరికరాలు వారు చేసి ఇవ్వాలి. ఆనాటికి అది మరీ పెద్ద సాహసం. పరికరాలు వచ్చినవి, కాని నమ్మకంగా పని చేయలేదు. 1951 లోనే లియో లెక్క వేయగల స్థితికి వచ్చినా, మొదట రొట్టెల లెక్కనే దానికి ఇవ్వడానికి కారణం ఇదే. అందులో లోపలికి పోవలసిన అంకెలు తక్కువ. జీతాల లెక్క అప్పటికి ఆగవలసి వచ్చింది.

చివరకు లయన్స్ వారు టేపును వదులుకొన్నారు. అంతకంటె పాతవీ, కొంత నెమ్మదివీ అయినా నమ్మదగిన చిల్లుల కార్డులకు, చిల్లుల కాగితపు టేపుకు దిగారు. గొప్ప పరికరం కోసం పెట్టిన డబ్బును, కాలాన్ని వదులుకోవడం ఏ సంస్థకయినా కష్టమే. అయితే ఆ నెమ్మదిని పింకర్‌టన్ బృందం మరొక ఉపాయంతో పూడ్చింది. కార్డులు, టేపులు చదివే దారులు ఒకటి కాదు, అనేకం పెట్టారు. ఒక్కొక్క దారి చివర చిన్న నిలువ ఒకటి ఏర్పాటు చేశారు. యంత్రం ఒక పనివాడి జీతం లెక్క కడుతూ ఉండగానే తరువాతివాడి అంకెలు వచ్చి ఆ నిలువలో కాచుకొని ఉంటవి. అయిపోయిన లెక్క మరొక నిలువ నుంచి అచ్చుకు పోతూ ఉంటుంది. మూడు పనులూ ఒకేసారి సాగుతవి.

డబ్బు లెక్క కూడా ఒక ఇబ్బందే. యంత్రం లోపల అన్నీ సున్న, ఒకటి అనే రెండు అంకెలే. బయట పౌనుకు ఇరవై షిల్లింగులు, షిల్లింగుకు పన్నెండు పెన్నీలు. మన దేశంలో 1957 వరకు నడిచిన రూపాయి, అణా, పైసల లెక్కలు చేసినవారికి ఈ బాధ అర్థమవుతుంది. ఒక లెక్క భాషనుంచి మరొక లెక్క భాషకు ప్రతిసారీ మార్చవలసి ఉండటంతో, అందుకు తగిన ప్రత్యేకపు ఆదేశాలను యంత్రంలోనే చేర్చారు. కేంబ్రిడ్జి గణితజ్ఞులకు ఇట్టి అవసరం ఎన్నడూ రాలేదు.

1953 చివరి నాటికి లియో సర్వాంగాలతో సిద్ధమయింది. జీతాల లెక్క దాని వంతయింది. బ్రిటన్‌లో 1944 నుంచి జీతం ఇచ్చేటప్పుడే ఆదాయపు పన్ను మినహాయించే పద్ధతి వచ్చింది. సంవత్సరం మొదటినుంచి ఆనాటిదాకా వచ్చిన మొత్తం ఆదాయం, కట్టిన మొత్తం పన్ను చూచి ఆ వారపు పన్ను తేల్చాలి. అనుభవమున్న గుమాస్తాకు ఒక్కొక్క మనిషి జీతం కట్టడానికి ఎనిమిది నిమిషాలు పట్టేది. లియోకు ఒకటిన్నర సెకండు పట్టింది. పోయిన వారం వరకు ఉన్న మొత్తాలను యంత్రమే కార్డుల మీద చిల్లులు వేసి ఇస్తుంది. ఆ కార్డులనే వచ్చే వారం మళ్ళీ దానికి అందిస్తారు.

వేగం ఒక ఎత్తు, నమ్మకం మరొక ఎత్తు. ఆరువేల వాల్వులలో ఏ ఒక్కటి చెడినా లెక్క పోతుంది. వాల్వులేమో విద్యుద్దీపాల వంటివి, ఎప్పుడు ఏది ఆరిపోతుందో తెలియదు. దీనికి పింకర్‌టన్ చేసిన ఉపాయం చక్కనిది. పని మొదలుపెట్టకముందు యంత్రానికి ఇచ్చే విద్యుత్ పీడనాన్ని కావాలని కొంచెం పెంచి, కొంచెం తగ్గించి, పరీక్షా ప్రోగ్రాములు నడిపేవారు. బలంగా ఉన్న వాల్వు ఈ తేడాను తట్టుకొంటుంది. నీరసించిన వాల్వు తప్పు చేసి బయటపడుతుంది. దానిని అప్పుడే తీసివేసి కొత్తది పెడతారు. జబ్బు పైకి తేలకముందే నాడి పట్టి చెప్పడమన్నమాట.

అయినా యంత్రం ఎన్నడూ ఆగదని ఇంజనీర్లు మాట ఇవ్వలేదు. ఇవ్వమని కామినర్ అడగనూ లేదు. ఆగినప్పుడు ఏమి చేయాలో ప్రోగ్రాములోనే ఏర్పాటు చేయించాడు. పని మధ్యలో అక్కడక్కడ మజిలీలు పెట్టి, అంతవరకు అయిన మొత్తాలు సరిపోయినవో లేదో యంత్రం చేతనే చూపించేవారు. ఆగిపోతే మొదటికి రాకుండా కడపటి మజిలీనుంచి తిరిగి మొదలుపెట్టవచ్చు. గుమాస్తాలు పాత పద్ధతిలో జీతాలు కడుతూ ఉండగానే లియో కూడా కొన్ని వారాలు అవే జీతాలు కట్టింది. రెండు లెక్కలూ పోల్చి చూచి, సరిపోయినవని తేలిన తరువాతనే పనివారి డబ్బును యంత్రానికి అప్పగించారు. ఇక్కడ ఇద్దరు మనుషుల వివేకం ఒకచోట కలిసింది. వాల్వులు ఆరిపోవడం ఇంజనీరు తప్పని ఒకరు, ఆగినప్పటి ఏర్పాటు తమ పని కాదని మరొకరు అనుకొని ఉంటే, ఏదో ఒక శుక్రవారంనాడు వేలమంది ఉత్తచేతులతో ఇళ్ళకు పోవలసి వచ్చేది.

కామినర్ ప్రజ్ఞ అన్నిటికంటె బాగా కనిపించేది 1954 లో మొదలయిన టీ దుకాణాల సరఫరా పనిలో. దుకాణాలు రెండువందల దాకా ఉన్నవి. ప్రతి దుకాణానికి ఒక అధికారిణి. మరునాటికి ఏ సరుకు ఎంత కావాలో ప్రతి దుకాణం నుంచీ జాబితా రావాలి. వందలాది వస్తువులు, వందలాది దుకాణాలు, ప్రతిరోజూ. ఈ జాబితాలన్నిటినీ ఉన్నవి ఉన్నట్లుగా కార్డుల మీద చిల్లులు వేసి లియోకు ఇవ్వాలంటే, యంత్రం వచ్చినందువల్ల గుమాస్తాల పని పెరిగేదేగాని తగ్గేది కాదు.

కామినర్ బృందం పనిని మొదటినుంచి తిరగదోడింది. సోమవారంనాడు ఒక దుకాణానికి కావలసిన సరుకు దాదాపు గడచిన సోమవారం కావలసినదే. కనుక వారంలో ప్రతిరోజుకూ ఒక మామూలు జాబితాను ముందే యంత్రానికి ఇచ్చి ఉంచుతారు. అధికారిణి చెప్పవలసినదల్లా ఆనాటి మార్పు మాత్రమే. ఫలానా కేకులు పది ఎక్కువ, ఫలానా రొట్టెలు ఆరు తక్కువ అని. అది కూడా రాయనక్కరలేదు. నిర్ణీత కాలానికి ప్రధాన కార్యాలయంతో టెలిఫోనులో మాట్లాడితే, చెవులకు ఫోను తగిలించుకొన్న గుమాస్తా వింటూనే చిల్లుల యంత్రం మీద ఆ మార్పును కొట్టేస్తుంది. మధ్యలో కాగితమే లేదు. ఆ కార్డులు లియోలోకి పోతే, ఏ వంటశాలలో ఏది ఎంత తయారుచేయాలి, ఏ దుకాణానికి ఏ సరుకు కట్టి పంపాలి అన్న జాబితాలు రాత్రికి సిద్ధం. మామూలుకు భిన్నంగా ఉన్న సంగతులను మాత్రం ఏరి అధికారులకు చూపించేవారు.

ఇందులో యంత్రపు ప్రజ్ఞ కొంతే. దానికి ఎంత తక్కువ చెప్పితే చాలునో కనిపెట్టడమే అసలు సంగతి. లోపలికి పోయే దారి ఇరుకని ఇంజనీర్లకు తెలుసు. దుకాణపు అధికారిణికి నిన్నటికి నేటికి మారేది కొంచెమేనని కామినర్‌కు తెలుసు. ఈ రెండు సంగతులూ ఒకే గదిలో లేకపోతే ఈ పరిష్కారం పుట్టదు. అంతకుముందు జీతాల దగ్గర కార్యాలయం కోసం యంత్రాన్ని మార్చారు. ఇక్కడ యంత్రం కోసం కార్యాలయాన్ని మార్చారు. టీ కాచేవారికి మాత్రం కష్టం పెరగలేదు.

లియో వార్త బయటికి పొక్కగానే ఇతరులు తమ లెక్కలు తీసుకొని వచ్చారు. ఫోర్డ్ మోటారు కంపెనీవారి డాగన్‌హామ్ కర్మాగారపు జీతాల లెక్కలు ఇక్కడే కట్టారు. ప్రభుత్వం పన్ను రేట్లు మార్చినప్పుడు కొత్త పన్ను పట్టికలు ఈ యంత్రమే తయారుచేసింది. 1954 నవంబరులో లయన్స్ వారు లియో కంప్యూటర్స్ అనే ప్రత్యేక సంస్థనే స్థాపించి, యంత్రాలు కట్టి అమ్మడానికి దిగారు. లియో 2, ఆ పైన లియో 3 వచ్చినవి. లియో 3 ఒకేసారి పలు ప్రోగ్రాములను నడపగలిగేది. 1960 ల తొలినాళ్ళలో అది ఏ దేశపు యంత్రానికీ తీసిపోయేది కాదు.

కాని గణకయంత్రాల వ్యాపారానికి పెట్టుబడి అపారంగా కావాలి. టీ, రొట్టెల మీద వచ్చే లాభం ఎంతకాలం భరిస్తుంది? అమెరికాలో ఐ.బి.ఎం. వంటి సంస్థలు అప్పటికే కొండంత పెరిగాయి. 1963 లో లియో సంస్థ ఇంగ్లిష్ ఎలక్ట్రిక్ సంస్థతో కలిసింది. 1968 లో అనేక సంస్థల కలయికగా ఏర్పడిన ఐ.సి.ఎల్. లో లీనమయింది. కట్టేవారికి, వాడేవారికి ఒకే ఆవరణ అన్న పాత ఏర్పాటు అంతటితో పోయింది. పింకర్‌టన్ ఐ.సి.ఎల్. లో చాలాకాలం పని చేశాడు. కామినర్ చివరి సంవత్సరాలలో లక్సంబర్గులో ఐరోపా ఆర్థిక సమాజానికి గణకయంత్రాల వ్యవస్థ ఏర్పాటు చేసే పనికి నాయకత్వం వహించాడు. 2008 లో మరణించాడు.

మొదటి లియోను 1965 జనవరిలో నిలిపివేశారు. అప్పటికి దాని వయస్సు పద్నాలుగేళ్ళు. గణకయంత్రానికి అది వార్ధక్యమే. దాని సంతతిలో చివరివైన లియో 3 తరగతి యంత్రాలు కొన్ని బ్రిటిష్ తపాలా శాఖవారి దగ్గర 1981 వరకు పని చేస్తూనే ఉన్నవి.